సిరా, షిరాజ్ ఒకే ద్రాక్ష

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో చిక్కటి ఎర్ర వైన్ల మీద వచ్చిన వ్యాసం చదివాం. తెలుగులో ఈ విషయం మీద రాసేవారే తక్కువ కాబట్టి ముందుగా సంతోషించాం. అయితే అందులో సిరా, షిరాజ్‌లను రెండు వేర్వేరు ద్రాక్ష రకాలుగా చూపారు. షిరాజ్ పుట్టింది ఇరాన్‌లోని అదే పేరుగల నగరంలో అన్నారు. రంగు ఎంత ముదురుగా ఉంటే వైన్ అంత ‘ఫుల్ బాడీ’, అంటే అంత నిండైనది అన్నారు. గది ఉష్ణోగ్రతలో తాగాలని సలహా ఇచ్చారు. ఈ నాలుగూ సరిదిద్దవలసినవే. ద్రాక్ష సాగు, వైన్ తయారీ తెలిసినవాళ్లం కనుక వివరంగా రాస్తున్నాం. ఉత్తరం కాస్త పొడవైంది, మన్నించండి.

సిరా ఫ్రాన్స్ ద్రాక్ష. దాన్నే ఆస్ట్రేలియాలో షిరాజ్ అంటారు. ఇరాన్ నుంచి వచ్చిందనీ, సిసిలీలోని సిరక్యూజ్ నుంచి వచ్చిందనీ, క్రూసేడ్ యుద్ధాల నుంచి తిరిగొచ్చిన గాస్పార్ ద స్తెరింబెర్గ్ అనే యోధుడు ఫ్రాన్స్‌లోని రోన్ నది ఒడ్డున కొండ మీద కుటీరం కట్టుకుని నాటాడనీ కథలు చాలాకాలం చెలామణీ అయ్యాయి. 1998లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ, ఫ్రాన్స్‌లోని మోంపెలియే పరిశోధకులు డీఎన్ఏ పరీక్షలతో ఈ కథలన్నిటికీ తెర దించారు. సిరా తల్లిదండ్రులు మొందూజ్ బ్లాంష్ అనే తెల్ల ద్రాక్ష, దురేజా అనే నల్ల ద్రాక్ష. మొదటిది సవోయ్ ప్రాంతానిది, రెండోది ఆర్దెష్ ప్రాంతానిది. రెండూ ఆగ్నేయ ఫ్రాన్స్‌లో దగ్గర దగ్గరగా ఉన్న ప్రాంతాలే. ఆ తీగల కలయిక ఆ చుట్టుపక్కలే జరిగి ఉండాలి తప్ప పర్షియాలో జరిగే వీలు లేదు. ‘పెతిత్ సిరా’ అని సీసా మీద కనబడితే మాత్రం అది వేరే రకం. దాని అసలు పేరు దురిఫ్, సిరాకూ పెలుర్సాన్ అనే మరో ద్రాక్షకూ పుట్టిన సంతానం. దాని వగరు సిరా కంటే మోటుగా ఉంటుంది.

ఇక నిండుదనం, అంటే ‘బాడీ’ సంగతి. వెన్న తీసిన పాలు, చిక్కటి పాలు ఒక్కో గుక్క నోట్లో పెట్టుకుంటే నాలుకకు తెలిసే బరువు తేడాయే ఇక్కడా తెలుస్తుంది. ఆ బరువు ముఖ్యంగా ఆల్కహాల్ నుంచి వస్తుంది. తర్వాతి స్థానం ఆవిరికాని ఘనపదార్థాలది: వగరునిచ్చే టానిన్లు, రంగు పదార్థాలు, ఆమ్లాలు, ఖనిజ లవణాలు. గ్లిసరాల్ కూడా కొంత తోడవుతుంది. నిండైన ఎర్ర వైన్‌లో లీటరుకు సుమారు 25 నుంచి 35 గ్రాముల ఘనపదార్థం ఉంటుంది. రంగు ఈ లెక్కలోకి నేరుగా రాదు. ఇటలీలోని నెబియోలో ద్రాక్ష వైన్‌కు, గ్లాసు వెనక వేలు పెడితే కనిపించేంత లేత రంగు ఉంటుంది, కానీ దాని వగరు పళ్లకు పట్టుకుంటుంది. సిరా తొక్కలో రంగు పదార్థం సహజంగానే ఎక్కువ. అందుకే తేలికగా చేసిన సిరా కూడా నల్లగానే ఉంటుంది. గ్లాసు తిప్పినప్పుడు గోడల మీద జారే ధారలను చూసి నాణ్యత చెప్పేవారున్నారు. ఆల్కహాల్ నీటికంటే త్వరగా ఆవిరి కావడం వల్ల తలతన్యతలో వచ్చే తేడాతో ఏర్పడే ధారలవి. వాటి వల్ల తెలిసేది ఆల్కహాల్ సంగతే, మంచి చెడులు కాదు.

ఆల్కహాల్ ఎంత వస్తుందో పండు కోసిన రోజే చాలావరకు తేలిపోతుంది. రసంలో లీటరుకు దాదాపు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. చేనులో లెక్కకు బ్రిక్స్‌ను, అంటే నూరు గ్రాముల రసంలో ఎన్ని గ్రాముల చక్కెర ఉందో చెప్పే అంకెను, 0.57తో గుణిస్తే చాలు. 22 బ్రిక్స్ దగ్గర కోస్తే 12.5 శాతం, 26 దగ్గర కోస్తే 14.8 శాతం. ఒకే తోటలో, ఒకే తీగ మీద పండు కోత రెండు వారాలు అటూ ఇటూ అయితే చాలు, రెండు భిన్నమైన వైన్లు తయారవుతాయి.

సిరాకు ఉన్న ఒక స్వభావం ఈ తేడాను ఇంకా పెంచుతుంది. పూత వచ్చాక సుమారు 90 రోజులకు కాయ గరిష్ఠ బరువుకు చేరుతుంది. ఆ తర్వాత తీగ మీద ఉండగానే వడలడం మొదలవుతుంది. లోపలి గుజ్జు కణాలు చనిపోవడం, తీగ నుంచి కాయకు వచ్చే నీరు తగ్గడం, వచ్చిన నీరు కూడా వెనక్కి పోవడం దీనికి కారణాలు. చాలా ద్రాక్షల్లో ఇంత స్పష్టంగా జరగదు. లెక్క చూడండి. 1.5 గ్రాముల కాయలో 22 బ్రిక్స్ అంటే 0.33 గ్రాముల చక్కెర. అదే కాయ 1.3 గ్రాములకు వడలితే, ఒక్క రవ్వ చక్కెర కొత్తగా చేరకపోయినా, బ్రిక్స్ 25.4 అవుతుంది. పండు ఇంకా పక్వమవుతోందని అంకె చూసి భ్రమపడేవారు ఇక్కడే దెబ్బతింటారు. అది పక్వం కాదు, ఎండటం. అక్కడినుంచి మిరియం, వయొలెట్ పూల వాసన, నల్ల పండ్ల తాజాదనం పోయి ఎండుద్రాక్ష, జామ్ రుచి మిగులుతుంది. పులుపు పడిపోతుంది, రసం దిగుబడి కూడా తగ్గుతుంది. అందుకే కోత నిర్ణయానికి బ్రిక్స్ మీటరు ఒక్కటే చాలదు. వారానికి రెండుసార్లు తోట అంతటా, గుత్తి పైనుంచీ కిందినుంచీ, ఎండ పక్కా నీడ పక్కా కలిపి 200 కాయలు కోసి తూచాలి. వంద కాయల బరువు తగ్గడం మొదలై బ్రిక్స్ పెరుగుతుంటే ఇక రోజులు లెక్కపెట్టుకోవలసిందే. గింజ నమిలితే చేదు తగ్గి వేయించిన పప్పులా పటపటలాడాలి, కాడ పచ్చదనం వదలాలి.

ఉత్తర రోన్ లోయలో ఈ ద్రాక్ష తన సరిహద్దు దగ్గర పండుతుంది. అక్కడికి ఉత్తరాన ఇంకా చల్లన, పండు పూర్తిగా పక్వం కావడం కష్టం. అక్కడి కోత్ రోతీ అనే ప్రాంతంలో ఏటవాలు కొన్నిచోట్ల 60 శాతం దాకా ఉంటుంది. రాతి గట్లు కట్టి, ఒక్కో తీగను కర్రకు కట్టి పెంచుతారు. మిస్త్రాల్ అనే బలమైన ఉత్తరపు గాలికి సిరా లేత కొమ్మలు సులువుగా విరిగిపోతాయి. ఆ కర్రలు అందుకే, అలంకారానికి కాదు. అదే లోయలోని ఎర్మితాజ్ కొండ పడమటి భాగం గ్రానైట్ నేల. కోర్నా అనే ఊళ్లో వైన్ నూటికి నూరుపాళ్లు సిరాయే కావాలి. కోత్ రోతీలో వియొనియే అనే తెల్ల ద్రాక్షను 20 శాతం దాకా, ఎర్మితాజ్ ఎర్ర వైన్‌లో మార్సాన్, రూసాన్ అనే తెల్ల ద్రాక్షలను 15 శాతం దాకా కలపడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. 19వ శతాబ్దంలో బోర్డో వ్యాపారులు తమ పల్చటి వైన్లకు బలం చేకూర్చడానికి ఎర్మితాజ్ వైన్ తెచ్చి కలిపేవారు. ఆ కాలంలో దాని నిండుదనానికి అంత పేరు.

ఆస్ట్రేలియాకు సిరా 1830ల తొలినాళ్లలో జేమ్స్ బజ్బీ అనే ద్రాక్ష సాగు నిపుణుడు యూరప్‌లో సేకరించి పంపిన కొమ్మలతో చేరింది. దక్షిణ ఆస్ట్రేలియాలోని బరోసా లోయలో 1843లో నాటిన తీగలు ఇప్పటికీ కాస్తున్నాయి. 19వ శతాబ్దపు రెండో సగంలో యూరప్ తోటలను తుడిచిపెట్టిన ఫిలాక్సెరా పురుగు దక్షిణ ఆస్ట్రేలియాలో అడుగుపెట్టలేదు. కఠినమైన దిగ్బంధ నిబంధనల వల్ల నేటికీ అక్కడి ముసలి తీగలు సొంత వేళ్ల మీదే బతుకుతున్నాయి. వేడి ఎక్కువ, వాన తక్కువ. పైన చెప్పిన వడలడం అక్కడ తొందరగా జరుగుతుంది. బరోసా షిరాజ్ 14.5, 15 శాతాలకు చేరడంలో వింత లేదు. 1951లో మాక్స్ షుబర్ట్ పెన్‌ఫోల్డ్స్ సంస్థలో గ్రేంజ్ అనే వైన్‌ను ప్రయోగంగా మొదలుపెట్టాడు. ఎవరికీ నచ్చక 1957లో యాజమాన్యం ఆపమంటే, ఆ ఏడాదీ తర్వాతి రెండేళ్లూ చాటుగా కొనసాగించాడు. 1960 నుంచి మళ్లీ అధికారికంగా అనుమతించారు. ఈరోజు షిరాజ్‌కు ప్రపంచంలో గౌరవం ఉందంటే అందులో ఆయన మొండిపట్టు పాలు పెద్దదే.

సిరాకు ప్రాణమైన మిరియపు వాసన గురించి మీ వ్యాసంలో ఒక్క మాటా లేదు. 2008లో ఆస్ట్రేలియా వైన్ పరిశోధన సంస్థ ఆ వాసనకు కారణమైన పదార్థాన్ని ప్రకటించింది. దాని పేరు రొటండోన్, నల్ల మిరియాల్లో ఉండేదీ అదే. ఎర్ర వైన్‌లో లీటరుకు 16 నానోగ్రాములుంటే చాలు, ముక్కుకు తెలుస్తుంది. అయితే ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి చాలా ఎక్కువ ఉన్నా ఆ వాసన అందదు. ఒకే సీసా పంచుకున్నవాళ్లలో ఒకరు మిరియం ఘుమఘుమలాడుతోందంటే ఇంకొకరు ఏమీ లేదనడం అందువల్లే. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. రొటండోన్ తొక్కలో ఉంటుంది, పండే చివరి వారాల్లో చేరుతుంది. చల్లటి చోట, గుత్తులు ఆకు నీడలో ఉన్నచోట ఎక్కువ. ఎండకు మాడిన గుత్తుల్లో తక్కువ. మిరియం కావాలనుకునే రైతు గుత్తుల చుట్టూ ఆకులు విచ్చలవిడిగా దూయకూడదు. అలాగని ఆకుల పందిరి మరీ గుబురుగా వదిలేస్తే తేమ నిలిచి బూజు పడుతుంది. ఉదయపు ఎండ పడే వైపు మాత్రమే కొన్ని ఆకులు తీయడం మధ్యేమార్గం.

తయారీలోకి వస్తే, గుత్తులను కాడలతో సహా పులియబెట్టాలా, కాయలు రాల్చి పులియబెట్టాలా అన్నది మొదటి నిర్ణయం. కాడలతో చేస్తే పూల సువాసన, కొత్త తరహా ఘాటు వస్తాయి. కాడ పచ్చిగా ఉంటే ఆకు పసరు రుచీ వస్తుంది, పైగా కాడల్లోని పొటాషియం వల్ల పులుపు తగ్గి పీహెచ్ (ఆమ్లత్వం తగ్గితే పెరిగే అంకె) పెరుగుతుంది. గోధుమరంగు తిరిగిన కాడలనే వాడాలి, మొదటిసారి చేసేవారు నాలుగో వంతు గుత్తులకు మించి పోవద్దు. వియొనియే కలపదలచుకుంటే 2 నుంచి 5 శాతం చాలు, అదీ పులియక ముందే కలిసి నలగాలి. అలా చేస్తే సిరా రంగు నిలకడగా, మెరుపుగా ఉంటుంది. తయారైన రెండు వైన్లను తర్వాత కలిపితే ఆ లాభం రాదు. 10 శాతం దాటితే ఆప్రికాట్ వాసన సిరాను మింగేస్తుంది.

పులిసేటప్పుడు 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మంచిది. 35 దాటితే ఈస్ట్ చచ్చి, చక్కెర మిగిలిపోయి పులియడం ఆగుతుంది. అలా ఆగినదాన్ని మళ్లీ నడిపించడం అన్నిటికంటే కష్టమైన పని. పైకి తేలిన తొక్కల కుప్పను రోజుకు రెండు మూడుసార్లు ముంచాలి. మొదటి రోజుల్లో ఎక్కువ, చక్కెర తగ్గేకొద్దీ తక్కువ. ఆల్కహాల్ పెరిగాక గింజల్లోని చేదు వగరు సులువుగా దిగుతుంది కాబట్టి చివర్లో చేయి బిగబట్టాలి.

సిరా తయారీలో అందరినీ ఇబ్బందిపెట్టేది గంధకపు దుర్వాసన. ఈ ద్రాక్ష రసంలో ఈస్ట్‌కు తిండి అయిన నత్రజని తరచుగా తక్కువ ఉంటుంది. లీటరుకు 150 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఈస్ట్ హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది, మురిగిన గుడ్డు వాసన వేస్తుంది. 25 బ్రిక్స్ రసానికి 250 దాకా ఉండాలి. నత్రజని పరీక్ష చేయించకుండా ఆ నత్రజనినిచ్చే డైఅమ్మోనియం ఫాస్ఫేట్ అనే లవణం పోయడం తప్పు, ఎక్కువైతే వేరే సూక్ష్మజీవులకు ఆ మిగులే విందు. కొలిచి, పులియడం మొదలైన మర్నాడు సగం, చక్కెర మూడో వంతు తగ్గాక మిగతా సగం ఇవ్వాలి. వాసన అప్పుడే పుట్టుంటే రసాన్ని గాలి తగిలేలా మరో తొట్టిలోకి మార్చితే పోతుంది. వారాల తరబడి వదిలేస్తే అది కాలిన రబ్బరు వాసనగా, ఆపై గంధకపు వాసన పోగొట్టడానికి వాడే ఏ రాగి లవణానికీ లొంగని రూపంలోకి మారుతుంది.

రెండో ఇబ్బంది పీహెచ్. బాగా పండిన షిరాజ్ రసం 3.8కి చేరడం మామూలే. వైన్‌ను కాపాడే సల్ఫర్ డయాక్సైడ్‌లో సూక్ష్మజీవులను చంపగల అణురూపం పీహెచ్ 3.5 దగ్గర 2 శాతం, 3.8 దగ్గర ఒక్క శాతమే. అణురూపం లీటరుకు 0.6 మిల్లీగ్రాములు కావాలంటే మొదటిదానికి స్వేచ్ఛగా ఉన్న సల్ఫర్ డయాక్సైడ్ 30 మిల్లీగ్రాములు చాలు, రెండోదానికి 60 కావాలి. పులియక ముందే టార్టారిక్ ఆమ్లం చేర్చి పీహెచ్‌ను 3.6 దగ్గరకు తెచ్చుకోవడం తెలివైన పద్ధతి. లేకపోతే పీపాల్లో బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్ చేరి గుర్రపుసాల, గాయం పట్టీ వాసన తెస్తుంది. ఆ వాసనను నేల మహిమ అని మురిసిపోయే రాతలు చాలా ఉన్నాయి. అది పాడైన వైన్ లక్షణం అని మా గట్టి అభిప్రాయం.

పీపాల్లో అమెరికన్ ఓక్ కొబ్బరి, వనిలా వాసనలిస్తుంది, ఫ్రెంచ్ ఓక్ వాసన నిగ్రహంగా ఉంటుంది. బరోసా పద్ధతిలో ఇంకొంచెం చక్కెర ఉండగానే తొక్కలను పిండి రసాన్ని వేరుచేసి, పీపాల్లోనే పులియడం ముగిస్తారు. వగరు మెత్తబడటానికి అదొక కారణం. ఉత్తర రోన్‌లో పెద్ద, పాత పీపాలను ఎక్కువగా నమ్ముతారు.

తాగేవారికి చెప్పవలసింది ఇదీ. ‘గది ఉష్ణోగ్రత’ అన్నది చల్లని రాతి గదుల కాలం నాటి మాట. సిరాకు 16 నుంచి 18 డిగ్రీలు సరి. 20 దాటితే ఆల్కహాల్ ఆవిరి ముక్కును కాల్చి మిగతా వాసనలన్నిటినీ తొక్కేస్తుంది, 12 లోపైతే వగరు పెచ్చుమీరుతుంది. 28 డిగ్రీల గదిలో ఉన్న సీసా ఫ్రిజ్‌లో గంటకు పైగా ఉండాలి, మంచు కలిపిన నీళ్లలో పది నిమిషాల లోపే చాలు. బిరడా తీయగానే అగ్గిపుల్ల, గుడ్డు వాసన వస్తే భయపడవద్దు. వెడల్పాటి పాత్రలోకి వంచి గంట వదిలేస్తే చాలావరకు పోతుంది. పోకపోతే చిన్న గ్లాసులో పోసి శుభ్రమైన రాగి ముక్కతో అర నిమిషం కలిపి చూడండి. వాసన తగ్గితే దోషం గంధకానిదే. ఆ గ్లాసు పరీక్షకు మాత్రమే, తాగడానికి కాదు. తడిసిన అట్టపెట్టె వాసన అయితే అది బిరడా దోషం, ఎంతసేపు గాలి తగిలినా పోదు, సీసా తిరిగి ఇచ్చేయండి. పదేళ్లు దాటిన సీసా అడుగున మడ్డి ఉంటుంది. ఒక రోజు ముందే నిటారుగా నిలబెట్టి, మెల్లగా వంచి, మడ్డి మెడ దగ్గరికి రాగానే ఆపాలి. పాతవాటిని గంటల తరబడి గాలికి వదలకూడదు, మిగిలిన కాస్త సువాసనా ఎగిరిపోతుంది.

నిల్వకు 12 నుంచి 14 డిగ్రీలు, చీకటి, కార్క్ బిరడా అయితే పడుకోబెట్టడం. మంచి ఏడాది ఎర్మితాజ్ ఇరవై ఏళ్లు నిలుస్తుంది. ఆ కొండ చుట్టుపక్కల పండే క్రోజ్ ఎర్మితాజ్ సీసాల్లో చాలావాటిని అయిదారేళ్లలో తాగేయడమే మంచిది. తెరిచిన సీసా మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు నిలుస్తుంది.

నిండైన వైన్ అంటే ఎక్కువ ఆల్కహాల్ అన్న సంగతి దాచకుండా రాయాలి. 150 మిల్లీలీటర్ల గ్లాసులో 12.5 శాతం వైన్ అయితే దాదాపు 15 గ్రాముల ఆల్కహాల్, 14.5 శాతం అయితే 17 గ్రాములు. సీసా మీది అంకె కూడా కచ్చితం కాదు. ఆస్ట్రేలియా నిబంధన 1.5 శాతం తేడాను అనుమతిస్తుంది. మీ వ్యాసం చివర ఎర్ర వైన్ గుండెకు మంచిదన్న వాక్యం మాత్రం ఉపసంహరించుకోవాలని కోరుతున్నాం. ఆరోగ్యానికి హాని లేని ఆల్కహాల్ పరిమాణం అంటూ లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. రుచి కోసం తాగేవారు రుచి కోసమే తాగాలి, మందుగా కాదు.

ఇకముందు ఏ వైన్ గురించి రాసినా నక్షత్రాల గుర్తులకు బదులు నాలుగు వివరాలు ఇవ్వండి: ద్రాక్ష రకం, పండిన ప్రాంతం, కోత ఏడాది, ఆల్కహాల్ శాతం. ఆస్ట్రేలియా సీసా మీద ద్రాక్ష పేరు, ప్రాంతం, ఏడాది రాయాలంటే కనీసం 85 శాతం దానిదే అయి ఉండాలన్న నిబంధన ఉంది. రోన్ సీసాల మీద ద్రాక్ష పేరు సాధారణంగా ఉండదు, ఊరి పేరే ఉంటుంది. కోర్నా అని ఉంటే సిరా అని పాఠకుడికి మీరే చెప్పాలి.

ఇట్లు,
ద్రాక్ష సాగు, వైన్ తయారీ రంగంలోని కొందరు పాఠకులు